ఆట గైడు వికీలో పేజీ అమరిక: ఒకే పేజీ, ఉపపేజీలు, ట్యాబులు – ఏది దేనికి తగును

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ఊళ్ళలో స్థిరపడిన కొందరు తెలుగువాళ్ళం కలిసి స్టార్‌డ్యూ వ్యాలీ అనే వ్యవసాయపు ఆటకు తెలుగులో ఒక వికీ గైడు (అందరం కలిసి దిద్దుకోగల వెబ్ పేజీలు) రాసుకుంటున్నాం. ఆ ఆట 2016 ఫిబ్రవరిలో కంప్యూటర్లకూ, 2019లో ఆండ్రాయిడ్ ఫోన్లకూ వచ్చింది. అందులో తెలుగు లేదు. తెర మీద ఇంగ్లీషు పేర్లు చూస్తూ, వివరం మాత్రం ఇంటిభాషలో చదువుకోవాలనుకునే పిల్లల కోసం, పెద్దల కోసం మొదలుపెట్టిన పని ఇది. రాసేవాళ్ళం ఏడుగురమే అయినా, ఏం రాయాలన్న దాని మీద మాకు పెద్దగా పేచీ రాలేదు. రాసినదాన్ని పేజీలో ఎలా పేర్చాలన్న దాని మీదే నెలల తరబడి చర్చ నడిచింది.

ఆ చర్చ చేపల పేజీతో మొదలైంది. ఈ ఆటలో ఒక చేప దొరకాలంటే కాలం, వాతావరణం, వేళ, చోటు అనే నాలుగు షరతులూ ఒకేసారి కుదరాలి. ఉదాహరణకు క్యాట్‌ఫిష్ వసంతంలోనూ శరత్తులోనూ నదిలో దొరుకుతుంది, కానీ వాన కురుస్తున్న రోజునే, అదీ ఉదయం ఆరింటి నుంచి అర్ధరాత్రి లోపలే. ఇలాంటి చేపలన్నిటినీ ఒకే పొడవైన పేజీలో పెట్టాలని కొందరు, చేపకొక ఉపపేజీ పెట్టి ముఖ్యపేజీలో పేర్లు మాత్రం ఉంచాలని కొందరు, సముద్రం, నది, సరస్సు అని మూడు ట్యాబులు (నొక్కితే ఆ ఒక్క భాగమే కనబడే మీటలు) పెడితే పేజీ చూడముచ్చటగా ఉంటుందని మరికొందరు ప్రతిపాదించారు. మూడింటినీ మేము నిజంగానే తయారుచేసి చూశాం కనుక, ఇలాంటి పనిలో ఉన్న మరో బృందానికి అక్కరకు వస్తుందని మా అనుభవాన్నీ, దాని మీద నా అభిప్రాయాన్నీ ఇక్కడ రాస్తున్నాను.

చదివే మనిషి పరిస్థితి

మా అక్క కూతురు గుణుపురంలో పదో తరగతి చదువుతోంది. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు. తెలుగు చదవగలదు గాని కూడబలుక్కుని చదువుతుంది. పోయిన వానాకాలంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, తను ఆడుతుండగా పక్కన కూర్చుని మా గైడును ఎలా వాడుతుందో చూశాను. ఆటలో వసంతం పద్దెనిమిదో రోజు, తెల్లవారుతూనే వాన. కమ్యూనిటీ సెంటర్‌లో అడిగిన చేపలన్నీ అప్పగించవలసిన ‘నది చేపల కట్ట’ పూర్తి కావడానికి తనకు ఒక్క చేపే తక్కువ. ఆ ఆటలో పది నిమిషాల కాలం మన గడియారంలో ఏడు సెకన్లలో గడిచిపోతుంది, అంటే ఆరింటికి లేచిన మనిషికి ఆ రోజంతా మన లెక్కన సుమారు పద్నాలుగు నిమిషాలే. కాబట్టి మెనూ తెరిచి గడియారాన్ని ఆపి, బ్రౌజర్‌లోకి వచ్చి, ట్యాబులతో చేసిన పేజీని తెరిచింది.

పేజీ సముద్రపు చేపలతో తెరుచుకుంది. ట్యాబుల వరుసలో రెండోది సగం, మూడోది మొత్తం ఫోన్ తెర అంచు దాటి ఉన్నాయి. తను వేలితో కిందికి జరుపుకుంటూ చివరిదాకా వెళ్ళింది. తరువాత బ్రౌజర్‌లోని వెతుకు పెట్టెలో ‘నది’ అని కొట్టింది. మూసి ఉన్న ట్యాబులోని రాతను ఆ వెతుకులాట పట్టుకోలేదు. “మామయ్యా, ఇందులో నది చేపలు లేవు” అని ఫోన్ పక్కన పెట్టేసింది.

అవి ఉన్నాయి. పన్నెండు వరుసల పట్టికగా, నేనే రాసి పెట్టినవి. ఆ మాట విన్నాక అమరికను గురించిన నా ఆలోచన మారిపోయింది. రాసేవాళ్ళలో ఎక్కువమందిమి కంప్యూటర్ ముందు కూర్చుని పేజీ అందాన్ని చూస్తాం. చదివేవాళ్ళు ఫోన్‌లో, ఆట మధ్యలో, ఒక్క ప్రశ్నకు జవాబు కోసం వస్తారు. రాయగడ కొండల దారిలో బస్సులో వెళుతూ చదివేవారికి సిగ్నల్ కూడా వస్తూ పోతూ ఉంటుంది. ఏ అమరికనైనా ముందు ఈ పరిస్థితిలో పెట్టి తూచాలని నేను అంటాను.

ట్యాబులు, మడతలు

అందుకే ముందుగా ట్యాబుల సంగతే తేల్చేస్తాను. ట్యాబులు పెడితే పేజీ తేలికవుతుందని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. సాధారణంగా వికీలలో వాడే ట్యాబులలో అన్ని ట్యాబుల రాతా పేజీతో పాటే దిగుతుంది, తెర మీద ఒకటి మాత్రమే కనబడుతుంది. కాబట్టి డేటా ఏమీ మిగలదు. పైగా ట్యాబులను తెరిచి మూసే జావాస్క్రిప్టు దిగేవరకు, నెట్ నెమ్మదిగా ఉన్న చోట, పేజీ ఒకదాని మీద ఒకటి పేర్చిన గందరగోళంగానో, ఖాళీగానో కనబడుతుంది. ఫలానా ట్యాబు తెరిచి ఉండేలా లింకు పంపడం కూడా చాలా చోట్ల కుదరదు. “చేపల పేజీలో మూడో ట్యాబు నొక్కు” అని వాట్సాప్‌లో వివరించుకోవలసి వస్తుంది.

అయినా దాచవలసిన రాత అంటూ ఒకటి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళతో స్నేహం పెరిగేకొద్దీ జరిగే ఘట్టాలు ఈ ఆటలో ఉన్నాయి, వాటిని ముందే చదివితే ఆడేవారి ఆనందం పోతుంది. అక్కడ ‘చూపించు’ అని నొక్కితే తెరుచుకునే మడతను వాడటం సబబే, ఎందుకంటే ఆ పేజీలో దాచడమే పాఠకుడికి చేసే మేలు. జవాబును దాచకండి, కథను దాచండి అని మా చర్చ పేజీలో ఒకరు రాసిన మాట నాకు నచ్చి, అదే మా పద్ధతిగా పెట్టుకున్నాం.

వెర్షన్ల తేడాలకు ట్యాబులు తప్పవని కొందరు గట్టిగా వాదించారు. వాళ్ళ వాదనలో బలం ఉంది. 1.6 వెర్షన్ కంప్యూటర్లకు 2024 మార్చి 19న వచ్చింది, ఫోన్లకు నవంబరు 4న వచ్చింది. మధ్యలో ఏడున్నర నెలలు ఒకే ప్రశ్నకు రెండు సరైన జవాబులు ఉన్నాయి. అటువంటప్పుడు పాతది ఒక ట్యాబులో, కొత్తది ఒక ట్యాబులో పెడదామనిపించడం సహజం. కాని రెండు వెర్షన్లకూ ఒకేలా ఉండే రాత మారిన రాత కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని రెండు చోట్ల ఉంచితే, తప్పు దిద్దేవారు ఒకచోట దిద్ది రెండోచోట మరిచిపోతారు. మారిన వరుస పక్కన ‘1.6 నుంచి’ అని చిన్న గుర్తు పెట్టడం చాలు. ఫోన్లకు కూడా ఆ వెర్షన్ వచ్చాక, ఆ గుర్తులను ఒక పూట కూర్చుని తీసేయగలిగాం. ట్యాబులు పెట్టి ఉంటే రెండు పట్టికలను పోల్చి కలుపుకోవలసి వచ్చేది.

ఒకే పేజీనా, ఉపపేజీలా

అసలైన పోటీ ఈ రెండింటి మధ్యే. రెండింటికీ న్యాయమైన కారణాలు ఉన్నాయి.

పొడవైన పేజీ మీద వచ్చే మొదటి ఆక్షేపణ బరువు. తెలుగు అక్షరం కంప్యూటర్‌లో ఒక్కొక్క సంకేతానికి మూడు బైట్లు తీసుకుంటుంది కనుక తెలుగు పేజీ ఇంగ్లీషు పేజీ కన్నా బరువుగా ఉంటుందన్నది నిజమే. అయితే వికీలను నడిపే సాఫ్ట్‌వేర్ అయిన మీడియావికీలో పేజీ రాతకు మామూలుగా ఉండే పరిమితి 2,048 కిలోబైట్లు, అంటే దాదాపు ఏడు లక్షల తెలుగు సంకేతాలు. చేపల పేజీ ఎంత పెరిగినా ఆ ఛాయలకు వెళ్ళదు. పాఠకుడికి భారమయ్యేది రాత కాదు, బొమ్మలు. మేము వాడే బొమ్మలు ఆటలోని చిన్న పిక్సెల్ చిత్రాలే కాబట్టి ఆ భారమూ తక్కువే. రెండో ఆక్షేపణ, పొడవైన పేజీలో ఇద్దరు ఒకేసారి మార్పులు చేస్తే ఒకరి మార్పు మరొకరిదానితో ఢీకొంటుందని. విభాగాల వారీగా దిద్దుకుంటే ఏడుగురి బృందంలో అది అరుదు.

ఉపపేజీల పక్షాన ఉన్న గట్టి కారణం ఏమిటంటే, ప్రతి చేపకూ సొంత చిరునామా ఉంటుంది. ఎవరైనా అడిగితే ఆ ఒక్క లింకు పంపవచ్చు. ఇక్కడ తెలుగుకు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది, దీన్ని ఇంగ్లీషు వికీల అనుభవంతో ఊహించలేము. ‘క్యాట్‌ఫిష్’ అన్న మాటను చూడండి. కంటికి నాలుగు అక్షరాలే. కంప్యూటర్ లెక్కలో మాత్రం హల్లులు, గుణింతపు గుర్తులు, పొల్లులు, మధ్యలో ‘ట్’కూ ‘ఫి’కీ వత్తు పడకుండా ఆపే కనబడని గుర్తు కలిపి పదకొండు సంకేతాలు, ముప్పైమూడు బైట్లు. లింకును కాపీ చేసి వాట్సాప్‌లో అతికిస్తే చాలా ఫోన్లలో ఒక్కొక్క సంకేతం తొమ్మిది గుర్తులుగా విడిపోయి, ఈ ఒక్క మాటే శాతం (%) గుర్తులతో నిండిన తొంభైతొమ్మిది గుర్తుల గొలుసుగా మారుతుంది. చూసినవాళ్ళు దాన్ని మోసపు లింకు అనుకుని నొక్కరు. ‘స్టార్‌డ్యూ వ్యాలీ/చేపలు/నది చేపలు/క్యాట్‌ఫిష్’ అని మూడు మెట్ల ఉపపేజీ పెడితే ఆ గొలుసు తెర నిండిపోతుంది.

దీనికి తోడు మీడియావికీలో పేజీ పేరుకు 255 బైట్ల హద్దు ఉంది. ఇంగ్లీషుకు 255 అక్షరాలు దొరికే చోట తెలుగుకు 85 సంకేతాలే దొరుకుతాయి. మెట్లుమెట్లుగా పేర్లు పెట్టుకుంటూ పోతే ఆ హద్దు అనుకున్నదానికన్నా త్వరగా ఎదురవుతుంది. కనబడని గుర్తు సంగతి మరీ ఇబ్బంది. అది ఉన్న పేరు, లేని పేరు వికీకి రెండు వేరు వేరు పేజీలు. మాలో ఇద్దరు వేరు వేరు కీబోర్డులతో ఒకే చేపకు రెండు పేజీలు సృష్టించి, రెండు వారాల పాటు ఒకరి పేజీ మరొకరికి కనబడక ఎవరిది వారు పెంచుకుంటూ పోయిన సందర్భం ఉంది.

ఉపపేజీలు తప్పనిసరైతే పేర్లు ఒక్క మెట్టులోనే, వీలైనంత పొట్టిగా పెట్టండి. ఎవరు ఎలా కొడతారో ఊహించి ఆ రూపాలన్నిటికీ దారిమార్పు పేజీలు (తెరిస్తే అసలు పేజీకే చేర్చేవి) చేయండి. బయట పంచుకోవడానికి పేజీ సంఖ్యతో తెరుచుకునే చిన్న లింకును మూస (ఒక్కచోట రాసి ఎన్ని పేజీల్లోకైనా పిలిపించుకోగల రాత) ద్వారా ప్రతి పేజీ మొదట్లోనే చూపించండి. ఈ మూడూ చేసే ఓపిక లేకపోతే పొడవైన పేజీ వైపే ఉండటం మంచిది.

అయితే చేపలకు సరిపోయినది మనుషులకు సరిపోదు. ఆటలో ఊరి మనుషులు ముప్పైకి పైగా ఉన్నారు, అందులో పెళ్ళాడదగినవారు పన్నెండుమంది. ఒక్కొక్కరికీ ఇష్టమైన బహుమతులు, గిట్టని బహుమతులు, ఏ రోజు ఏ వేళకు ఎక్కడ ఉంటారన్న దినచర్య, పుట్టినరోజు, స్నేహ ఘట్టాలు ఉంటాయి. వచ్చే పాఠకుడు ఒక్క మనిషిని గురించే అడుగుతూ వస్తాడు, మరొకరి వివరం అతనికి అడ్డు. అక్కడ మనిషికొక పేజీ పెట్టడమే సరి. కమ్యూనిటీ సెంటర్ కట్టలు ముప్పై. అవి ఆరు గదుల్లో ఉంటాయి. వాటికి ఒకే పేజీ, ఆరు శీర్షికలు చాలు. పంటలు కూడా ఒకే పేజీలోనే బాగుంటాయి, ఎందుకంటే నాలుగు రోజుల్లో చేతికొచ్చే పార్స్‌నిప్‌ను పన్నెండు రోజులు పట్టే కాలీఫ్లవర్‌తో పక్కపక్కన పెట్టి పోల్చుకోవడమే ఆ పేజీకి వచ్చేవారి పని. ఒక విషయాన్ని గురించి వచ్చేవారికి విడి పేజీ, పది విషయాలను పోల్చుకోవడానికి వచ్చేవారికి ఉమ్మడి పేజీ అన్నది నేను ఇప్పుడు నమ్మే కొలత.

పేజీలో ఏది ముందు

ఒకే పేజీ అని ఒప్పుకున్నాక, ఆ పేజీ లోపలి వరస దగ్గర మళ్ళీ చర్చ వచ్చింది. మొత్తం చర్చలో అన్నిటికన్నా విలువైనది ఇదేనని నా ఉద్దేశం. ఒకే పేజీయా, పది పేజీలా అన్న ప్రశ్న కన్నా వరస ప్రశ్నే పాఠకుడికి ఎక్కువ తేడా చేస్తుంది.

అకారాది క్రమంలో పెడదామన్నారు మా బృందంలో పెద్దవారైన ఒక మాస్టారు. నిఘంటువుకు అది సరైన వరస. కాని మా పాఠకుడికి చేప పేరు ముందే తెలియదు, ఇవాళ ఏ చేప దొరుకుతుందో తెలుసుకోవడానికే వచ్చాడు. చోటును బట్టి పెడదామన్నది రెండో మాట, ట్యాబుల ప్రతిపాదన వెనక ఉన్నదీ ఆ ఆలోచనే. ఇది అకారాది కన్నా మేలు. అయినా మా మేనకోడలి పక్కన కూర్చున్న రోజు నుంచి నాకు వేరొక వరస తోచింది.

ఆడేవారి చేతిలో ఏముంది, ఏది లేదు అని చూడండి. తెర కుడివైపు పైమూలన తేదీ, కాలం, వాతావరణం, వేళ కనబడుతూ ఉంటాయి. ఒక కాలానికి ఇరవైయెనిమిది రోజులు. ఆడేవారు కోరుకున్నంత మాత్రాన వసంతం వేసవి కాదు. ఇవాళ వానో ఎండో సాధారణంగా వారి చేతిలో ఉండదు. కానీ నదికి వెళ్ళాలా, సముద్రానికి వెళ్ళాలా అన్నది పూర్తిగా వారి ఇష్టం. కాబట్టి చేతిలో లేనివి శీర్షికలుగా ముందు రావాలి, చేతిలో ఉన్నది వరుస లోపల రావాలి. ముందు కాలం, దాని కింద వాన లేక ఎండ, ఆ తరువాత చోటు, చివర వేళ. ‘వసంతం’ కింద ‘వాన రోజు’ అన్న చిన్న శీర్షిక తెరిస్తే నదిలో క్యాట్‌ఫిష్, షాడ్, సముద్రంలో ఈల్, చేపల వేటలో పదో స్థాయికి చేరినవారికి కొండ సరస్సులో లెజెండ్ ఒకదాని కింద ఒకటి కనబడతాయి. ఆ పేజీ చూసినవారు “ఇవాళ ఏం చేయాలి” అన్న ప్రశ్నకు జవాబుతో తిరిగి వెళతారు.

ఈ వరసకు ఒక ఖర్చు ఉంది, దాన్ని దాచను. రెండు కాలాల్లో దొరికే చేప రెండు చోట్ల రావాలి, షాడ్ అయితే వసంతం, వేసవి, శరత్తు అని మూడు చోట్ల రావాలి. పేజీ పొడవు పెరుగుతుంది. ఒకే సమాచారం మూడు చోట్ల చేత్తో రాస్తే, ట్యాబుల విషయంలో నేను చెప్పిన దోషమే ఇక్కడికీ వస్తుంది. అందుకే ప్రతి చేప వివరాన్నీ ఒక మూసలో ఒక్కచోట రాసి, కావలసిన శీర్షికల కిందికి దాన్నే పిలిపించుకున్నాం. దిద్దుబాటు ఒక్కచోట, కనబడేది మూడుచోట్ల.

శీర్షికల మాటలను గురించి కూడా కొంత వాదం జరిగింది. ‘శరదృతువు’ అని గంభీరంగా రాయాలని కొందరు, తెర మీద ఉన్న ‘ఫాల్’ అన్న మాటే రాయాలని కొందరు. గిడుగు రామమూర్తి గారు బడిలో పాఠాలు చెప్పి, చదివినవాడికి అర్థమయ్యే భాష కోసం పట్టుబట్టిన ఊరు మా పర్లాకిమిడి. ఆ ఊళ్ళో కూర్చుని పిల్లలు తడబడే మాటను శీర్షికగా పెట్టడం నాకు మనసొప్పలేదు. ‘ఫాల్ – శరత్తు’ అని తెర మీది మాటను ముందు, మన మాటను వెంట పెట్టుకున్నాం. అదే కారణంతో చేపల పేర్లకు జెల్ల, వాలుగ అని మన పేర్లు పెట్టాలన్న ప్రతిపాదనను నేను వ్యతిరేకించాను. అవి నాగావళిలో, వంశధారలో పట్టే చేపల పేర్లు, వాటి మీద నాకూ మమకారమే. కాని ఆడేవారు తెర మీద చూసిన పేరును పేజీలో గుర్తుపట్టలేకపోతే గైడు వ్యర్థం. ముందు బొమ్మ, తరువాత తెర మీది పేరు తెలుగు లిపిలో, ఆ తరువాత మన మాటలో ఒక వివరణ: ఈ వరసలో బొమ్మే అన్నిటికన్నా త్వరగా పని చేస్తుంది, ఎందుకంటే చదవడానికి తడుముకునే పిల్లలకు కూడా బొమ్మ పోల్చుకోవడం క్షణం పని. మన ఇళ్ళలో అనే గోబీపువ్వు వంటి మాటలకు దారిమార్పులు పెట్టాం; అలా వెతికినవారూ కాలీఫ్లవర్ దగ్గరికే చేరతారు.

పట్టికలను గురించి క్లుప్తంగా చెబుతాను. కంప్యూటర్‌లో ఏడు నిలువు వరుసల పట్టిక ఎంత చక్కగా ఉన్నా, ఫోన్‌లో ఒక్కొక్క గడికీ రెండు మూడు అక్షరాల వెడల్పే మిగులుతుంది. తెలుగు మాటలు ప్రత్యయాలతో కలిసి పొడవవుతాయి కనుక విరిగిపోయి నిలువుగా జారతాయి. మూడు నిలువు వరుసలు దాటనీయకండి: బొమ్మ, పేరు, ‘ఎక్కడ, ఎప్పుడు’ అని రెండు పంక్తులున్న గడి. పంక్తుల మధ్య ఎడం ఇంగ్లీషుకు పెట్టినంతే పెడితే కింది వత్తులు తరువాతి పంక్తి గుడులను తాకుతాయి, దాన్ని కొంచెం పెంచండి. పక్కన పెట్టే సమాచారపెట్టె మొబైల్ రూపంలో మొదటి పేరా కిందికి వస్తుంది, లేదా తెర నిండా పరుచుకుంటుంది. కాబట్టి మొదటి వాక్యంలోనే జవాబు ఉండాలి. సంబంధించిన పేజీల లింకులతో అడుగున వేసే నావిగేషన్ పెట్టెల మీద ఆధారపడకండి, వికీపీడియా మొబైల్ రూపంలో అవి కనబడకపోవడం చాలామంది గమనించే ఉంటారు.

తరువాత దిద్దేవారి సంగతి

అమరికను పాఠకుడి వైపు నుంచి మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. మాలో ముగ్గురు ఫోన్‌లోనే రాస్తారు. తెలుగు కీబోర్డులో రెండు వంకర బ్రాకెట్లు, ఒక నిలువు గీత కొట్టాలంటే గుర్తుల పలకకు వెళ్ళి, అక్కడి నుంచి రెండో పలకకు వెళ్ళి, మళ్ళీ తెలుగుకు రావాలి. ఒక వరుసకు అది ఆరేడు సార్లు చేయవలసి వస్తే మనిషి విసుగుచెంది మానేస్తాడు. ఎంత అందమైన అమరిక అయినా కొత్తవారు ఒక చేపను చేర్చడానికి భయపడితే అది ఏడాది తిరగకుండా పాతబడుతుంది. అందుకని ప్రతిపాదనలను పోల్చేటప్పుడు, ఒక కొత్త వరుస చేర్చడానికి ఏం కొట్టాలో దాన్ని కూడా పక్కపక్కన పెట్టి చూడండి. పేరు, కాలం, చోటు, వాన, వేళ అని తెలుగు పేర్లున్న ఐదు ఖాళీలు నింపితే చాలునన్నట్టుగా మూస ఉంటే, రేపు అమరిక మొత్తం మార్చాలనుకున్నా మూసను మారిస్తే సరిపోతుంది, పేజీలను తాకనక్కరలేదు.

అదే మూస ప్రమాదం కూడా. మాలో ఒకరు ఒక రాత్రి ‘కాలం’ అన్న ఖాళీ పేరును ‘ఋతువు’ అని మార్చారు. ఉద్దేశం మంచిదే, కాలం అంటే వేళ అని పొరబడుతున్నారని. కాని అప్పటికే రాసి ఉన్న వరుసలన్నీ ‘కాలం’ అనే పిలుస్తున్నాయి. తెల్లారేసరికి చేపల పేజీలో ఆ గడులన్నీ ఖాళీ. పంటల పేజీలో మాత్రం సాయంత్రం దాకా బాగానే కనబడి తరువాత ఖాళీ అయ్యాయి, ఎందుకంటే మూస మార్పు దాన్ని వాడే పేజీలకు వరుసలో నిలబడి ఒక్కొక్కటిగా చేరుతుంది. మార్చినవారిని ఎవరూ ఏమీ అనలేదు. మూస కొత్త పేరును ముందు చూసి, అది లేకపోతే పాత పేరును చూసేలా రాసి సరిదిద్దాం. ఆ తరువాత నుంచి ఏ మూసనైనా ప్రయోగశాల పేజీలో (అసలు పేజీలను తాకకుండా పరీక్షించుకునే చోట) నకలు తీసి, ‘ఇక్కడికి లింకున్న పేజీలు’ చూసి, కనీసం మూడు పేజీల మీద పరీక్షించాకే మార్చాలని నియమం పెట్టుకున్నాం. శీర్షికలు మార్చేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త అవసరం. పేజీ పేరు మారిస్తే పాత పేరు దారిమార్పుగా మిగులుతుంది, శీర్షిక మారిస్తే మాత్రం దానికి నేరుగా వచ్చే లింకులు పేజీ మొదట్లో వదిలేసి పోతాయి. పాత శీర్షిక పేరుతో ఒక లంగరు (లింకు వచ్చి ఆగే కనబడని గుర్తు) వదిలిపెట్టాలి.

చేతులెత్తడమా, చేసి చూడటమా

చివరగా, నిర్ణయం ఎలా తీసుకోవాలన్నది. ఓట్లు లెక్కపెట్టడం సులువుగా కనబడుతుంది. ఏడుగురిలో నలుగురు అన్నారని ముగ్గురి మాట తోసేస్తే ఆ ముగ్గురి ఉత్సాహం చచ్చిపోతుంది, పేజీలు రాసేవారు తగ్గుతారు. మన వైపు మరొక ఇబ్బంది కూడా ఉంది. మాస్టారు ఒక మాట అన్నాక, వయసులో చిన్నవాళ్ళు చర్చ పేజీలో దాన్ని కాదని రాయరు. “మీరన్నట్టే చేద్దాం మాస్టారూ” అని రాసి ఊరుకుంటారు. ఆ మౌనాన్ని ఒప్పుకోలుగా లెక్కపెట్టడం న్యాయం కాదు.

అందుకని మేము చేసిన పద్ధతినే సూచిస్తాను. ప్రతిపాదించేవారు మాటలతో కాక, ప్రయోగశాలలో నిజమైన సమాచారంతో ఒక పేజీ చేసి చూపాలి. రెండు వారాలు చర్చకు ఉంచాలి. తరువాత గైడు రాయని ముగ్గురు ఆటగాళ్ళకు ఆ పేజీల్లో ఒక్కొక్కటీ ఇచ్చి, మూడు ప్రశ్నలు అడగాలి: ఇవాళ వసంతం, వాన, ఏ చేప పట్టవచ్చు? ఈల్ ఏ వేళ దొరుకుతుంది? ఎండ రోజున సరస్సులో ఏముంది? పక్కన కూర్చోవాలి గాని సాయం చేయకూడదు. ఎన్ని పేజీలు తెరిచారు, ఎక్కడ ఆగారు, ఎప్పుడు విసుక్కున్నారు అన్నది రాసుకోవాలి.

మేము అలా చేసినప్పుడు ఉపపేజీల నమూనాలో మొదటి ప్రశ్నకే ఒకరు ఆరు పేజీలు తెరిచారు. అకారాది నమూనా ఇచ్చినవారు జవాబు చెప్పగలిగారు గాని పేజీ చివరిదాకా చదవవలసి వచ్చింది. కాలం, వాన వరసలో పెట్టిన పేజీ తెరిచినవారు రెండు శీర్షికలు నొక్కి జవాబు చెప్పారు. ఇదంతా మాస్టారి ఇంటి అరుగు మీద, ఆయన చూస్తుండగానే జరిగింది. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఆ ఫోన్ తీసుకుని, తానే ‘ఫాల్ – శరత్తు’ నొక్కి, ‘వాన రోజు’ తెరిచి, “వరస నీదే ఉంచు నాయనా, కాని పేజీ చివర అకారాదిగా పేర్ల సూచిక ఒకటి పెట్టు, పేరు తెలిసి వచ్చేవాళ్ళు కూడా ఉంటారు” అన్నారు. ఆయన మాట సబబే. ఆ సూచికలో ఒక్కొక్క పేరు పక్కన దాని మొదటి కాలానికి లింకు పెట్టి, ఆ రాత్రే చేర్చాను.